జంక్ బుట్టలో దొరికిన ఫామికామ్‌ను ఆడించడం: నా అనుభవం

1990లలో గుంటూరు, విజయవాడ, హైదరాబాదు ఇళ్లలో మేమంతా "టీవీ గేమ్" అని పిలుచుకుంటూ ఆడిన యంత్రాలు చాలావరకు జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1983 జూలై 15న 14,800 యెన్ల ధరకు విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు నకళ్లు. జపాన్‌లో అందరూ దాన్ని ఫామికామ్ అనే అంటారు. ఉద్యోగరీత్యా టోక్యో పక్కనున్న కవాసాకిలో స్థిరపడ్డాక ఆ అసలు యంత్రాన్నీ, దాని క్యాసెట్లనూ సేకరించాలన్న కోరిక నాలో బలపడింది. అద్దాల బీరువాలో అలంకారంగా పెట్టుకునే సేకరణ మీద నాకు మొదటి నుంచీ ఆసక్తి లేదు. నా దగ్గరికి వచ్చిన ప్రతి వస్తువూ ఆడే స్థితిలో ఉండాలి, నేను దానికి చేసిన పనిని రేపు మరొకరు కావాలనుకుంటే విప్పేసి మునుపటి స్థితికి తేగలగాలి అన్నవి నేను పెట్టుకున్న రెండు నియమాలు. ఆ తరువాత తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ రెండింటి నుంచే వచ్చాయి.

టోక్యోలోని అకిహబారా ప్రాంతంలో పాత ఆటల దుకాణాలకు కొదవ లేదు. విదేశీ పర్యాటకుల రద్దీ పెరిగాక అక్కడి ధరలూ పెరిగాయి. వస్తువును శుభ్రం చేసి, పరీక్షించి, చక్కగా కవరులో పెట్టి ఇస్తారు కాబట్టి ఆ ధర అన్యాయమని నేను అనను. అయితే బాగుచేసుకునే పనే నాకు ఎక్కువ ఇష్టం గనుక, శివారు ప్రాంతాల్లో రహదారి పక్కన ఉండే హార్డ్ ఆఫ్ దుకాణాలకు సెలవు రోజుల్లో వెళ్లడం మొదలుపెట్టాను. పాత సామాను కొని అమ్మే ఈ దుకాణాల్లో ఒక పక్కన జంక్ విభాగం ఉంటుంది. నీలం రంగు ప్లాస్టిక్ బుట్టల్లో చిక్కుపడిన వైర్లు, ఎవరి ఇంటివో తెలియని రిమోట్లు, లేబుల్ వెలిసిపోయిన క్యాసెట్లు కలగాపులగంగా పడి ఉంటాయి. జంక్ అని చీటీ అంటించిన వస్తువు పనిచేస్తుందన్న హామీ ఉండదు, కొన్నాక వెనక్కి తీసుకోరు. ఆ షరతు తెలిసే కొంటాం కాబట్టి ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

నేను ఏరుకున్న ఫామికామ్ తెల్లటి భాగం పసుపు తిరిగి ఉంది. మంటలు అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపే బ్రోమిన్ రసాయనాలు, దశాబ్దాల పాటు పడిన వెలుతురు ఆ రంగుకు ముఖ్య కారణాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెలుపు తిరిగి వస్తుందని తెలిసినా నేను ఆ పని చేయలేదు. కొన్నాళ్లకు పసుపు మళ్లీ తేలే అవకాశం ఉంది, పైగా ఆ పసుపు ఆటకు అడ్డం రాదు. దుకాణంలో నేను గమనించినవి వేరు. ఈ యంత్రానికి కంట్రోలర్లు విడదీసే వీలు లేకుండా లోపలి నుంచే వైరుతో వస్తాయి గనుక వైరు మెడ దగ్గర తెగిందేమో చూడాలి. క్యాసెట్ పెట్టే గాడిలోకి సెల్‌ఫోన్ వెలుగు వేసి పిన్నులు తుప్పు పట్టాయేమో చూడాలి. మొట్టమొదట వచ్చిన యంత్రాల్లో బటన్లు చతురస్రాకారంలో మెత్తటి రబ్బరుతో ఉండేవి. అవి లోపలికి నొక్కుకుపోయి ఇరుక్కుంటుండటంతో తరువాత గుండ్రటి గట్టి బటన్లు పెట్టారు. సేకర్తలు చతురస్రపు బటన్ల కోసం ఎక్కువ డబ్బు పెడతారు. ఆడుకోవడానికి మాత్రం గుండ్రటివే మేలు కనుక నేను వాటినే తీసుకున్నాను.

అడాప్టర్ దగ్గర అత్యంత జాగ్రత్త అవసరం. ఫామికామ్ అడాప్టర్ 10 వోల్టులు, 850 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, దాని పిన్ను లోపలి భాగం నెగెటివ్, బయటి భాగం పాజిటివ్. ఇప్పుడు మన ఇళ్లలో ఉండే అడాప్టర్లలో ఎక్కువ భాగం ఇందుకు తలకిందులుగా ఉంటాయి. చేతికి దొరికినది గుచ్చితే లోపలి భాగాలు పాడయ్యే ప్రమాదం ఉంది. దీని తరువాత నింటెండో తెచ్చిన సూపర్ ఫామికామ్‌కు కూడా ఇదే అడాప్టర్ వాడతారు కాబట్టి దాన్ని వెతకడం కష్టం కాలేదు. పాతదే అయినా ముందు మల్టీమీటర్‌తో ధ్రువాలను చూసి, ఆ తరువాతే యంత్రానికి తగిలించాను.

అంతకంటే ముందు యంత్రాన్ని విప్పాను. అడుగున ఉన్నవి మామూలు స్టార్ స్క్రూలే. సూపర్ ఫామికామ్ లాంటి తరువాతి యంత్రాలకు ప్రత్యేకమైన బిట్ కావాలి గానీ దీనికి అక్కర్లేదు. లోపల దూదిలా పేరుకున్న దుమ్ము కింద రికో సంస్థ తయారుచేసిన రెండు పెద్ద చిప్‌లు కనిపించాయి. ఒకటి లెక్కలూ శబ్దమూ చూసుకునే 2ఏ03, రెండోది బొమ్మను గీసే 2సీ02. చిన్నప్పుడు మా వీధి టీవీ మెకానిక్ మా టీవీ గేమ్‌ను విప్పినప్పుడు లోపల కనిపించినది బోర్డు మీద గడ్డకట్టిన ఒక నల్లటి తారు చుక్క మాత్రమే. ఆ చుక్క కింద దాచిన పని అంతా ఇక్కడ పేరూ నంబరూ వేసిన చిప్‌లుగా ఎదురుగా ఉండటం చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. క్యాసెట్ గాడిలోని 60 పిన్నులను మందుల దుకాణంలో దొరికే నీరు లేని ఇథనాల్‌తో తడిపి తుడిచాను. కంట్రోలర్లను కూడా విప్పి, బటన్ల కింది రబ్బరు మీద పేరుకున్న జిడ్డు తీసేశాను.

ఇక బొమ్మ తెప్పించడమే అసలు చిక్కు. ఫామికామ్‌కు బొమ్మనూ శబ్దాన్నీ వైర్లతో నేరుగా టీవీకి పంపే ఏవీ అవుట్ లేదు, యాంటెన్నా దారి గుండా 1వ లేదా 2వ ఛానల్ మీదికి బొమ్మను పంపుతుంది. జపాన్‌లో చాలా ప్రాంతాల్లో 2011 జూలై 24న అనలాగ్ ప్రసారాలు ఆగిపోయాయి, ఇప్పుడు అమ్మే టీవీలు ఆ సిగ్నల్‌ను పట్టవు. బొమ్మ గీసే చిప్ 21వ పిన్ను నుంచి సిగ్నల్ తీసుకుని, ఒక ట్రాన్సిస్టరు, కొన్ని రెసిస్టర్లు, ఒక కెపాసిటర్ టంకం వేసి ఏవీ అవుట్ తయారుచేసే పద్ధతి చాలామంది పాటిస్తున్నారు. అది మంచి పద్ధతే. కానీ అందుకోసం పాత భాగాలను కత్తిరించి, యంత్రం ఒంటికి రంధ్రం పెట్టాల్సి వస్తుంది కాబట్టి నా రెండో నియమానికి అది సరిపడలేదు. అందుకని యంత్రాన్ని మార్చే బదులు దానికి తగిన టీవీని వెతకాలని నిర్ణయించుకున్నాను.

జపాన్‌లో 2001 నుంచి అమల్లో ఉన్న గృహోపకరణాల రీసైక్లింగ్ చట్టం ప్రకారం పాత టీవీని పారేయాలంటే యజమానే రుసుము కట్టాలి. అందువల్ల డబ్బాలాంటి పాత టీవీ ఉన్నవాళ్లు దాన్ని ఎవరైనా తీసుకెళ్తామంటే సంతోషిస్తారు. మా అపార్టుమెంటులో ఉండే ఒక పెద్దాయన ఇంట్లో 14 అంగుళాల టీవీ వాడకం లేకుండా ఉందని తెలిసి, మర్యాదగా వెళ్లి అడిగాను. తీసుకెళ్తే తమకే ఉపకారమని చెప్పి, రిమోట్‌ను కూడా కవరులో పెట్టి ఇచ్చారు ఆయన భార్య. టోక్యో చుట్టుపక్కల 1వ ఛానల్ జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాడుకలో ఉండేది కాబట్టి ఇక్కడివారు ఫామికామ్‌ను 2వ ఛానల్‌కు పెట్టుకునేవారు. నేనూ అలాగే పెట్టి స్విచ్ వేశాను. కాసేపు ఇసుక రాలినట్టు చుక్కలు కనిపించి, ట్యూనింగ్ సరిచేయగానే డాంకీ కాంగ్ పేరు తెర మీద నిలిచింది. ఫామికామ్ విడుదలైన రోజునే దానితోపాటు వచ్చిన మూడు ఆటల్లో అది ఒకటి.

ఆ తరువాత మారియో పెట్టినప్పుడు పాట నా జ్ఞాపకంలో ఉన్నదానికంటే చురుగ్గా వినిపించింది. దీనికి కారణం ఉంది. మన దేశపు టీవీ పద్ధతి సెకనుకు 50 సార్లు తెరను గీస్తే జపాన్ పద్ధతి 60 సార్లు గీస్తుంది. ఆట నడక తెర గీతతో ముడిపడి ఉంటుంది గనుక, 50 లెక్కన నడిచిన మా టీవీ గేమ్‌లో అదే ఆట ఆరో వంతు నెమ్మదిగా సాగేది. నాకు నేర్పుగా వచ్చిన గెంతులన్నీ ఇక్కడ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. పాత టీవీ వల్ల మరో లాభం కూడా కలిగింది. బాతులు కాల్చే ఆటలో తుపాకి ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది, తుపాకి ముందు భాగంలోని సెన్సర్ ఆ వెలుగును వెంటనే చూడాలి. ఇప్పటి పలచటి టీవీలు బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి వాటి మీద ఆ తుపాకి పనిచేయదు. నా 14 అంగుళాల టీవీ మీద మాత్రం నింటెండో తుపాకి గురి తప్పడం లేదు.

క్యాసెట్ల సేకరణ ఇంకా నెమ్మదిగా జరిగే పని. జంక్ బుట్టలో దొరికేవాటిలో చాలా వాటి వెనుక మార్కర్‌తో పిల్లల పేర్లు రాసి ఉంటాయి. సేకర్తలు అలాంటివాటికి ధర తగ్గిస్తారు, కొందరు ఆ పేర్లను రుద్ది చెరిపేస్తారు. నేను చెరపను. క్యాసెట్ పనిచేయకపోతే ముందు దూది పుల్లను ఇథనాల్‌లో ముంచి పిన్నుల వెంట తుడుస్తాను. సాధారణంగా మొదటి పుల్ల నల్లగా, మూడో పుల్ల తెల్లగా వస్తుంది, అప్పటికి క్యాసెట్ కూడా పలుకుతుంది. చిన్నప్పుడు మనందరం చేసినట్టు నోటితో ఊదకూడదు, నోటి తడి పిన్నులకు చిలుము పట్టిస్తుంది. రబ్బరుతో గట్టిగా రుద్దడం కూడా పిన్నుల మీది పూతను అరగదీస్తుంది.

సేవ్ సదుపాయం ఉన్న క్యాసెట్లకు వేరే చికిత్స కావాలి. 1988 ఫిబ్రవరిలో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 3లో ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకోవడానికి బోర్డు మీద ఒక నాణెం ఆకారపు బ్యాటరీ ఉంటుంది. అంతకు ముందు భాగాల్లో పొడవాటి సంకేతాన్ని కాగితం మీద రాసుకోవాల్సి వచ్చేది. నాకు దొరికిన క్యాసెట్‌ను పెట్టి చూస్తే ఎవరో పిల్లవాడు ఆడిన ఆట నాలుగక్షరాల హీరో పేరుతో ఇంకా అందులోనే ఉంది. బ్యాటరీ తీస్తే అది పోతుంది, తీయకపోయినా ఎప్పుడో ఒకప్పుడు పోయేదే. అందుకని క్యాసెట్‌ను కంప్యూటర్‌కు కలిపే రీడర్ తెప్పించి, ముందుగా ఆ 8 కిలోబైట్ల సేవ్‌ను భద్రపరిచాను. ఈ క్యాసెట్‌కు స్క్రూలు ఉండవు, అతుకు దగ్గర గిటార్ మీటే పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి కొంచెం కొంచెంగా విడదీశాను. పాత బ్యాటరీ టంకం కరిగించి తీసి, కాళ్లు అతికించి అమ్మే కొత్త సీఆర్2032 బ్యాటరీని అదే చోట పెట్టాను. మామూలు బ్యాటరీ మీద నేరుగా టంకం వేయడం ప్రమాదం, వేడికి అది పేలవచ్చు. చివరగా ఆ పిల్లవాడి సేవ్‌ను తిరిగి క్యాసెట్‌లోకి ఎక్కించాను. ఈ ఆటను ఆపేటప్పుడు రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ తీయాలి, లేకపోతే కరెంటు ఆగే క్షణంలో సేవ్ చెడిపోయే అవకాశం ఉంది.

నా సేకరణలో నేను ఎక్కువ డబ్బు పెట్టి, అట్టపెట్టె లేకుండా విడిగా కొన్నది కాంట్రా ఒక్కటే. మన పిల్లలు ఇద్దరిద్దరు కూర్చుని ముప్పై ప్రాణాల కోడ్ నొక్కి ఆడిన ఆ ఆట జపాన్ క్యాసెట్ 1988 ఫిబ్రవరిలో వచ్చింది. కొనామి సంస్థ అందులో తన సొంత చిప్ పెట్టింది, అమెరికా క్యాసెట్‌లో ఆ చిప్ లేదు. దాని వల్ల మొదటి దశలో చెట్ల ఆకులు గాలికి ఊగుతాయి, మంచు దశలో మంచు పడుతూ ఉంటుంది, దశల మధ్య కథ చెప్పే బొమ్మలు వస్తాయి. అదే పరుగు, అదే తుపాకి, అదే పాట, కానీ వెనుక అడవి కదులుతుంటే చూసి మొదటి దశ దాటకుండా చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

గుంటూరులో తమ్ముడి పిల్లల కోసం 1993లో వచ్చిన రెండో రూపం ఫామికామ్‌ను తీసుకెళ్లాను. జపాన్ ఛానళ్లు మన టీవీలకు అందవు గానీ ఈ రూపానికి ఏవీ అవుట్ ఉంది, సూపర్ ఫామికామ్ వైరే దీనికీ సరిపోతుంది. జపాన్ అడాప్టర్ 100 వోల్టులకు చేసినది, మన 230 వోల్టుల సాకెట్‌లో పెడితే కాలిపోతుంది. అందుకే అక్కడే ధ్రువాలు సరిచూసి, మన కరెంటుకు పనిచేసే అడాప్టర్ కొన్నాం. మన పాత క్యాసెట్లకు కూడా 60 పిన్నులే కాబట్టి అటక మీది పసుపు క్యాసెట్లూ ఇందులో ఆడుతున్నాయి.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది 1986లో 15,000 యెన్లకు వచ్చిన డిస్క్ సిస్టమ్, అంటే క్యాసెట్లకు బదులు డిస్కుల నుంచి ఆటలు ఆడించే ఫామికామ్ అనుబంధ యంత్రం. దాని మోటారు తిప్పే రబ్బరు బెల్టు ఏళ్ల తరబడి కరిగి జిగురుగా మారి, చక్రాలకు అతుక్కుపోయింది. ఆ జిగురును ఇథనాల్‌తో తుడవడం పూర్తయింది, కొత్త బెల్టు కూడా వచ్చింది. ఇక డిస్కు చదివే హెడ్ సరైన చోటి నుంచి మొదలయ్యేలా డిస్కును తిప్పే ఇరుసును సరిచేయాలి. అది కుదిరితే మొదట పెట్టబోయేది జెల్డా డిస్కు.