దింపు ఆదివారం, కాయ శుక్రవారం

మా కొబ్బరితోటలో దింపు ఆదివారం పెట్టుకున్నాం. ఒక కాయ మాత్రం శుక్రవారమే దిగింది, తిన్నగా నా బండి మీదికి.

బండి అంటే యమహా ఆర్‌ఎక్స్ 100. 1994 మోడల్, ఏపీ 5 నంబరు. చెట్టు కింద బండి పెట్టొద్దని ఇంట్లో అందరూ చెబుతూనే ఉంటారు. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరిచెట్టు లేని నీడ ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పరు. ట్యాంకుకి సొట్ట పడలేదు, హ్యాండిల్ వంగలేదు. గురి చూసి కొట్టినట్టు స్పీడోమీటరు అద్దం పగిలి, ముల్లు డయల్లోకి దిగబడిపోయింది. అంకెలు 71,386 దగ్గర ఆగిపోయాయి. చూసినవాళ్లంతా "నెత్తిన పడలేదు, సంతోషించండి మాస్టారూ" అన్నారు. సంతోషించాను. సాయంత్రానికి పెట్రోలు సంగతి గుర్తొచ్చింది.

ఈ బండికి పెట్రోలు ముల్లు ఉండదు. ఉన్నదల్లా కిలోమీటర్ల లెక్కే. బండి రిజర్వులో, అంటే ట్యాంకు అడుగున మిగిలే ఆఖరి పెట్రోల్లో పడగానే నాలుగు లీటర్లు పోయిస్తాను. అక్కణ్ణించి 160 తిరిగితే మళ్లీ రిజర్వు. ఏళ్ల తరబడి ఇదే వరస. స్పీడు చూసుకోడానికి నాకు మీటరు అక్కర్లేదు. మా కాలవగట్ల మీద ఎంత స్పీడులో పోవాలో గేదెలు చూసుకుంటాయి.

అమలాపురంలో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాను. ఈ మోడల్ తయారీ 1996లోనే ఆగిపోయింది కాబట్టి కంపెనీ మీటరు కొత్తది దొరకడం కల్ల. "అచ్చం అలాంటిదే ఉందండి, ఆయ్, అరగంటలో బిగించేత్తాను" అన్నాడు. అన్నట్టే చేశాడు. హెడ్‌లైటు ఊడదీశాడు, కింద కేబులు మరని చేత్తోనే విప్పాడు, రబ్బరు హోల్డర్లలో ఉన్న బుడ్డి బల్బులు లాగి కొత్తదాంట్లో గుచ్చాడు, రెండు నట్లు బిగించాడు. చాయ్ చల్లారేలోపు పనైపోయింది. మెరిసిపోతున్న డయలు, సున్నాలన్నీ వరసగా. ముప్పయ్యేళ్ల బండి నిన్న పుట్టినట్టుంది.

మొదటిసారి రిజర్వు 141 దగ్గర పడింది. బంకువాడు కొలత తగ్గించాడనుకున్నాను. రెండోసారి బంకు మార్చాను. మళ్లీ 141, 142. లీటరుకి నలభై ఇచ్చే బండి ముప్పై అయిదుకి పడిపోయిందన్నమాట. ఇక కార్బురేటరు విప్పించాను, జెట్లు కడిగించాను, ప్లగ్గు మార్పించాను, సైలెన్సరులో మసి కాల్పించాను. మూడోసారీ 141. నా బండిని నేనే అనుమానించాను గానీ, ఇవన్నీ చదువుతున్న ఆ మీటరుని అనుమానించలేదు. లెక్కల మాస్టారిని. పిల్లలకి ప్రశ్నలో ఇచ్చిన అంకె తప్పయి ఉండొచ్చని ఏనాడైనా చెప్పానా? నాకూ తట్టలేదు.

తట్టించింది మా అమ్మాయి. "నాన్నా, బండి మైలేజీ తగ్గి సరిగ్గా ఒక్కచోటే ఎందుకు ఆగుతుంది? పాడైతే ఇంకా తగ్గాలి కదా" అంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం 216వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. పసుపు తల రాళ్ల పక్కన అయిదు కిలోమీటర్లు నడిపాను. మీటరులో 4.4 తిరిగింది. వచ్చేటప్పుడూ అంతే. తర్వాత ముల్లు 40 మీద కదలకుండా పట్టుకున్నాను, వెనక కూచుని అమ్మాయి ఫోన్లో టైం చూసింది. గంటకి నలభై అయితే కిలోమీటరుకి 90 సెకన్లు పట్టాలి. 79 సెకన్లకే రాయి దాటేశాం. అంటే మేం పోతున్నది నలభై అయిదు పైచిలుకు. 141ని 0.88తో భాగించండి, 160 వస్తుంది. బండి నిక్షేపంలా ఉంది.

విషయం ఇదీ. ముందు చక్రం హబ్బులో చిన్న పళ్ల చక్రం ఉంటుంది, అది కేబులుని తిప్పుతుంది. కిలోమీటరుకి కేబులు ఇన్ని చుట్లు తిరుగుతుందనే లెక్కకి తగ్గట్టు మీటరు లోపలి పళ్లు కోసి ఉంటాయి. అచ్చం అలాంటిదే అంటే బిగింపు అలాంటిదని. లోపలి లెక్క వేరే బండిది. స్పీడు ఎక్కువ చూపించే మీటరుతో ప్రమాదం లేదు, పైగా కాస్త ఎక్కువ చూపించేలాగే తయారుచేస్తారు. తక్కువ చూపించేది మాత్రం మనిషిని మోసం చేస్తుంది.

పాత మీటరు పారేయలేదు. పదో తరగతికి పట్టుకెళ్లాను, సైన్సు మాస్టారి అనుమతితోనే లెండి. ముల్లుకీ కేబులుకీ మధ్య ఏ అతుకూ లేదంటే పిల్లలు నమ్మలేదు. కేబులు తిప్పేది ఒక అయస్కాంతాన్ని. దాని మీద అల్యూమినియం గిన్నె ఒకటి తాకకుండా బోర్లించి ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో సుడి ప్రవాహాలు, అంటే సుడులు తిరిగే కరెంటు పుడుతుంది, గిన్నె దాంతోపాటు తిరగాలని చూస్తుంది, సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ లాగులాటలో గిన్నె ఎంత తిరిగితే ముల్లు అంత కదులుతుంది. 1902లో ఒట్టో షుల్జ్ అనే జర్మనీ ఇంజనీరు పేటెంటు తీసుకున్న పద్ధతి. కేబులు మొన వేళ్లతో తిప్పితే వంకరపోయిన ముల్లు కొంచెం వణికింది. అల్యూమినియాన్ని అయస్కాంతం పట్టుకోదు కదా, మరెలా కదిలిందని వెనక బెంచీ వాడొకడు అడిగాడు. ఆ ఏడాది నన్నడిగిన ప్రశ్నల్లో అదే గొప్పది.

దసరా సెలవుల్లో రావులపాలెం వెళ్లి బెజవాడ బస్సెక్కాను. ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో మధ్యాహ్నం దాకా తిరిగితే అసలైన ఆర్‌ఎక్స్ మీటరొకటి దొరికింది, గీతలు పడ్డా ముల్లు మంచిది. అందులో 38,214 ఉంది. "జీరో చేసిమ్మంటారా?" అని కొట్టువాడు మామూలుగా అడిగాడు, పచ్చడి కట్టిమ్మంటారా అన్నట్టు. వద్దన్నాను. ఇంకొకడు తిరిగిన దూరం నా బండికెందుకు, నా బండి తిరిగింది సున్నా ఎందుకవుతుంది?

అమలాపురంలో ఒక గడియారాల షాపు పెద్దాయన ఉన్నారు. రెండు మీటర్లూ ఆయన ముందు పెట్టాను. నొక్కి మూసిన అంచు రేకుని అంగుళం అంగుళం లేపి, పాతదాంట్లోంచి అంకెల చక్రాల ఇరుసు తీసి కొత్తదాంట్లోకి మార్చారు. గిన్నె, స్ప్రింగు ముట్టుకోలేదు, ముట్టుకుంటే ముల్లు లెక్క తప్పుతుందన్నారు. "అంకె ఎంత పెట్టమంటారు మాస్టారూ?" అని అడిగారు. దొంగ మీటరు 612 తిరిగింది. 0.88తో భాగిస్తే 695. పాత 71,386కి కలిపి 72,081 అని చీటీ రాసిచ్చాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, "ఇంత లెక్కేసి పెంచమన్నవాణ్ణి నేను చూళ్లేదు, అందరూ తగ్గించమంటారు" అన్నారు.

బిగించడం ఈసారి నేనే చేశాను. కేబులు లోపలి తీగ బయటికి లాగితే మా ఉప్పుగాలికి ఎర్రగా తుప్పు. కిరసనాయిలుతో తుడిచి గ్రీజు పూశాను, పైన నాలుగంగుళాలు వదిలేసి. అక్కడ పూస్తే తిరిగి తిరిగి గ్రీజు మీటరులోకి ఎక్కుతుంది. హ్యాండిల్ దగ్గర కేబులుకి మెలిక పడకుండా చూసుకోండి, ముల్లు ఊగేది ఎక్కువగా అందుకే.

నాలుగు లీటర్లు పోయించాను. 159 దగ్గర రిజర్వులో పడింది, ముక్తేశ్వరం రోడ్డు మీద. ఇప్పుడు బండి పెట్టేది జామచెట్టు కింద.