క్రియ మాత్రం తెలుగులో ఉండాలి

మా అమ్మాయికి 15 ఏళ్లు. నేను తెలుగులో ఏం చెప్పినా తనకి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న చాలామందికి ఇది తెలిసిన సంగతే. చాలాకాలం దీన్ని తన బద్ధకం అనుకున్నాను. ఒకరోజు పొద్దున్నుంచి రాత్రి దాకా తనతో నేను మాట్లాడిన తెలుగును గుర్తుచేసుకుని చూశాను. లే, స్నానం చెయ్యి, ఆలస్యమవుతోంది, తలుపు వెయ్యి, ఇంక పడుకో. అన్నీ ఆజ్ఞలూ బుజ్జగింపులే. ఒక విషయాన్ని విడమరిచి చెప్పడం, ఎందుకని అడగడం, కాదని వాదించడం వచ్చేసరికి నేను కూడా ఇంగ్లీషులోకి మారిపోతున్నాను. ఆలోచించడానికి ఎప్పుడూ వాడని భాషలో పిల్ల ఎలా జవాబు చెబుతుంది?

ఆ రోజుల్లోనే కంప్యూటర్ సంగతి వచ్చింది. తను బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్ చేస్తుంది. కొన్ని సెకన్ల సీను తయారవడానికి పాత ల్యాప్‌టాప్ రాత్రంతా తిరిగేది. విడిభాగాలు కొని తనే సొంతంగా బిగించుకుంటానని అడిగింది. సరే అన్నాను, ఒక్క షరతు పెట్టాను. ఏ భాగం కొనాలన్నా అది ఎందుకో ముందు నాకు తెలుగులో చెప్పాలి. పేర్లు ఏ భాషవైనా ఫరవాలేదు. ప్రాసెసర్‌ని ప్రాసెసర్ అనే అనవచ్చు. క్రియ మాత్రం తెలుగులో ఉండాలి. 'సపోర్ట్ చేస్తుంది', 'ఫిట్ అవుతుంది' అంటే ఒప్పుకోను.

మొదటిరోజు లిస్టు తెచ్చి, "అమ్మా, ఇవన్నీ కంపాటిబుల్" అంది. "అంటే ఏం చేస్తాయి?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటతో పని అయిపోతుంది. తెలుగులో అలా కుదరదు, ఒక్కో జతకి ఒక్కో క్రియ వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే లిస్టులోని తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

ముందు ప్రాసెసర్. ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 7 9700ఎక్స్ ఎంచుకుంది. "ఈ బోర్డులో ఇది కూర్చుంటుంది" అంది. బాగుంది. ప్రాసెసర్‌దీ, భాగాలన్నీ తగిలించే ఈ మదర్‌బోర్డుదీ ఏఎమ్5 సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు. 1718 పిన్నులూ బోర్డు మీదే ఉంటాయి, ప్రాసెసర్ అడుగున చదునైన బిళ్లలు ఉంటాయి. అంతకు ముందుతరం ఏఎమ్4లో 1331 పిన్నులు ప్రాసెసర్‌కే ఉండేవి కాబట్టి ఆ బోర్డులో ఇది కూర్చోనే కూర్చోదు. తర్వాత తనే, "కూర్చుంటుంది, బోర్డు దాన్ని గుర్తుపడుతుంది..." అంటూ మధ్యలో ఆగిపోయింది. బోర్డులోని బీ650 చిప్‌సెట్ 2022లో వచ్చింది, ప్రాసెసర్ 2024లో వచ్చింది. తనకన్నా రెండేళ్ల తర్వాత పుట్టినదాన్ని బోర్డు ఎలా గుర్తుపడుతుంది? గుర్తుపట్టాలంటే బోర్డుని మేల్కొలిపే బయోస్ అనే ప్రోగ్రామ్ కొత్తది కావాలి. ఏ ప్రాసెసర్‌కి ఏ బయోస్ వెర్షన్ నుంచి చోటిచ్చారో బోర్డు తయారీదారులు పట్టికలో రాసి పెడతారు. అది వెతికి చదివింది. దుకాణంలో చాలాకాలం ఉండిపోయిన బోర్డులో పాత బయోసే ఉండవచ్చు. అందుకని ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డుకి మారింది. దానికైతే కరెంటు ఇచ్చి, ఫైలున్న పెన్‌డ్రైవ్ గుచ్చి, బటన్ నొక్కితే చాలు, ప్రాసెసర్ పెట్టకుండానే కొత్త బయోస్ ఎక్కుతుంది.

'సపోర్ట్ చేస్తుంది' అనే మాటతో సరిపెట్టుకుని ఉంటే ఆ పట్టిక దాకా వెళ్లేది కాదని నా నమ్మకం.

ర్యామ్ విషయం తొందరగానే తేలింది. పాత తరం డీడీఆర్4కీ కొత్త తరం డీడీఆర్5కీ 288 కాంటాక్టులే, చూడటానికి ఒకేలా ఉంటాయి. కానీ మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది, అందువల్ల ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. ఏఎమ్5 బోర్డులకి డీడీఆర్5 మాత్రమే. ముందు నాలుగు స్టిక్‌లు అనుకుంది. ఏఎమ్‌డీ ఇచ్చిన వివరాల్లో ఈ ప్రాసెసర్‌కి హామీ ఇచ్చే ర్యామ్ వేగం రెండు స్టిక్‌లతో 5600, నాలుగైతే 3600 అని ఉంది. "నాలుగు పెడితే బరువెక్కి నెమ్మదిస్తుంది" అని చెప్పి, అంతే సామర్థ్యాన్ని రెండు స్టిక్‌లలో తీసుకుంది. వాటిని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టాలి. పక్కపక్కనే పెట్టేస్తే చాలా బోర్డుల్లో రెండూ ఒకే చానెల్‌లో, అంటే ప్రాసెసర్‌తో మాట్లాడే ఒకే దారిలో పడతాయి.

మేము ఎక్కువరోజులు ఆగిపోయింది గ్రాఫిక్స్ కార్డు దగ్గర. దృశ్యాలు పెద్దవి కాబట్టి 16 జీబీ మెమరీ కావాలని ఆర్‌టీఎక్స్ 5070 టీఐ రాసుకుంది. తను ఎంచుకున్న మోడల్ పొడవు 320 మిల్లీమీటర్లు. భాగాలన్నీ అమర్చే పెట్టెలో, అంటే కేసులో, 360 దాకా చోటుందని రాసి ఉంది. "ఇముడుతుంది అమ్మా, ఇంకా 40 మిగులుతుంది" అంది. నేను కాగితం, స్కేలు ఇచ్చి కేసు బొమ్మ గీయమన్నాను. ప్రాసెసర్‌ని చల్లబరచడానికి తను నీటి కూలర్ కూడా రాసుకుంది, దాని రేడియేటర్‌ని కేసు ముందువైపు బిగించాలనుకుంది. రేడియేటర్ మందం 27, దానికి తగిలించే ఫ్యాన్ల మందం 25. మొత్తం 52 పోతే 308 మిగిలింది. కార్డు ఇమడదు. విడివిడిగా చూస్తే ప్రతిదీ ఇముడుతుంది, అన్నీ కలిపితే ఇమడటం లేదు.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేయబోయాను. "పెద్ద కేసు కొనేద్దాం" అనే మాట నోటిదాకా వచ్చింది. నేను పెరిగిన తీరు అది. పెద్దవాళ్లు తేల్చేవారు, పిల్లలం ఊకొట్టేవాళ్లం, ఆ తేల్చడంలో ప్రేమే ఉండేది. కానీ తను పెరుగుతున్న చోట పిల్లల్ని నీ నిర్ణయం ఏమిటని చిన్నప్పటినుంచీ అడుగుతారు. రెండిట్లో ఏది మంచిదని నన్నడిగితే, ఆ లిస్టు తనది కాబట్టి తేల్చాల్సింది తనే అని ఇప్పుడు గట్టిగా చెబుతాను. ఊరుకున్నాను. రెండురోజుల తర్వాత తనే వచ్చి చెప్పింది: ఈ ప్రాసెసర్ టీడీపీ, అంటే చల్లబరచాల్సిన వేడికి కొలత, 65 వాట్లు, మామూలు సెట్టింగుల్లో గట్టిగా పనిచేసినా లాగేది 88 దాటదు, దానికి నీటి కూలర్ అక్కర్లేదు, గాలి కూలర్ సరిపోతుంది. కూలర్ ఎత్తు 158, కేసు అనుమతించే ఎత్తు 165. ర్యామ్ మీద ఉండే రేకు కూలర్ ఫ్యాన్‌కి తగలకుండా పొట్టిది చూసుకుంది.

పవర్ సప్లై లెక్కలో మా ఇద్దరికీ వాదన జరిగింది, అదీ తెలుగులోనే. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన సాయంత్రం అది. కార్డుకి 300 వాట్లు, ప్రాసెసర్‌కి 88, మిగతావాటికి కొంత, అన్నీ కలిపినా 450 లోపే. "అయితే 550 సరిపోదా?" అన్నాను. "సరిపోతుంది కానీ తట్టుకోదు" అంది. కార్డు క్షణంలో చిన్న వంతు సేపు ఉన్నట్టుండి మామూలుకంటే ఎంతో ఎక్కువ లాగుతుందట. పవర్ సప్లైల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో అలాంటి కుదుపుల కోసమే ప్రత్యేకంగా నియమాలు పెట్టారు. కార్డు చిప్ తయారుచేసే ఎన్విడియా దీనికి 750 వాట్ల సప్లై ఉండాలంటుంది. సరిపోవడం వేరు, తట్టుకోవడం వేరు అని నాకు నా భాషలో మా అమ్మాయి చెప్పింది.

తెలిసినవాళ్ల అబ్బాయి తన పాత పవర్ సప్లై కేబుళ్లు కొన్ని ఇచ్చాడు, మంచి మనసుతోనే. ప్లగ్గులు మా సప్లైలోకి చక్కగా దిగాయి. కానీ సప్లై వైపు పిన్నుల వరుసకి అందరూ పాటించే ప్రమాణం లేదు, ఒక్కో తయారీది ఒక్కోలా ఉంటుంది. వేరే సప్లై కేబుల్ తగిలిస్తే డ్రైవ్ కాలిపోవచ్చు. దీన్ని ఎలా చెప్పాలో తనకి తోచలేదు. కూర్చుంది, ఇమిడింది, దిగింది, అన్నీ నిజమే, అయినా వాడకూడదు. ఆ రాత్రి వీడియో కాల్‌లో వాళ్ల తాతయ్యని అడిగింది. ఆయనకి కేబుళ్ల గురించి తెలియదు. సంగతంతా విని, "పొసగదు అనమ్మా. ఇద్దరు ఒకే గదిలో ఉన్నా మనసు కలవకపోతే పొసగలేదంటాం" అన్నారు. ఆ మాట తను నోట్‌బుక్‌లో రాసుకుంది, తెలుగు లిపిలో, 'గ' కాస్త వంకరగా.

బిగించడానికి ఒక శనివారమంతా పట్టింది. బోర్డుని కేసుకి తగలకుండా ఎత్తి పట్టే స్టాండ్‌ఆఫ్‌లు లెక్కపెట్టుకుంది. మానిటర్ కేబుల్‌ని బోర్డుకి కాకుండా కార్డుకి గుచ్చింది. తాతయ్యని వీడియోలోకి పిలిచి స్విచ్ వేసింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నాకు టెన్షన్ పెరిగిపోయింది, స్విచ్ ఆపేయమందామనుకున్నాను.

"ఏమైందమ్మా?" అన్నారు తాతయ్య.

"ఏం కాలేదు తాతయ్యా. ర్యామ్‌తో ఎలా మాట్లాడాలో బోర్డు ఇప్పుడే నేర్చుకుంటోంది. మొదటిసారి కదా, ఆలస్యమవుతుంది. మధ్యలో ఆపకూడదు."

ముగ్గురం నల్లటి తెర కేసి చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి బయోస్ కనిపించింది. నేను చప్పట్లు కొట్టాను. తను మాత్రం మెమరీ వేగం దగ్గర వేలు పెట్టి చూసింది. 4800 అని ఉంది. "మనం కొన్నది 6000. ఇంకా అందుకోలేదు" అని, ర్యామ్‌ని దాని మీద రాసి ఉన్న వేగానికి తెచ్చే ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేసి, సేవ్ చేసింది. తెర మళ్లీ నల్లబడింది.

"మళ్లీ నేర్చుకుంటోందా?" అని అడిగారు తాతయ్య.