డిస్టార్షన్‌కు ముందూ వెనుకా: ఒక సింథ్ బేస్ తయారీలో నా అనుభవం

నిమిషానికి 174 బీట్‌ల వేగంతో నడిచే ఒక డ్రమ్ అండ్ బేస్ (వేగవంతమైన ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం) ట్రాక్ కోసం గుర్రుమనే బేస్ ధ్వని ఒకటి నాకు కావలసి వచ్చింది. సిద్ధంగా దొరికే ప్రీసెట్లకు కొదవ లేదు కానీ, వాటిలో చాలావరకు ఒంటరిగా మోగించినప్పుడు గదినంతా అదరగొట్టి, కిక్, స్నేర్ డ్రమ్‌లు వచ్చి చేరగానే పలచబడిపోతాయి. అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ధ్వనిని మొదటి నుంచి నేనే కట్టుకోవడం మేలనిపించింది. ఇందుకు ఉచిత రూపంలో కూడా దొరికే వైటల్ అనే సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌ను ఎంచుకున్నాను.

ఈ తరహా బేస్‌కు మూలం అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉంది. టెక్నో సంగీత నిర్మాత కెవిన్ సాండర్సన్ 1988లో రీస్ అనే పేరుతో వెలువరించిన రికార్డులోని బేస్ ధ్వని తరువాతి కాలపు జంగిల్, డ్రమ్ అండ్ బేస్ నిర్మాతల చేతుల్లో ఎన్నో రూపాలు మారి, రీస్ బేస్ అనే పేరుతోనే స్థిరపడింది. దాని కిటుకు చెప్పడానికి చాలా చిన్నది: శ్రుతిలో కొద్దిపాటి తేడా ఉన్న రెండు తరంగాలను కలిపి మోగించడమే. నేను రెండు సాటూత్ (రంపపు పళ్ల ఆకారపు) తరంగాలను ఎఫ్1 స్వరం దగ్గర, అంటే సుమారు 43.65 హెర్ట్జ్ దగ్గర పెట్టి, ఒకదానిని 10 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) పైకి జరిపాను. మూల పౌనఃపున్యం దగ్గర ఆ తేడా పావు హెర్ట్జ్ మాత్రమే కాబట్టి అక్కడ నాలుగు సెకన్లకొక విస్పందనం, అంటే ధ్వని ఒకసారి పెరిగి తరగడం, వస్తుంది. మూల పౌనఃపున్యానికి పది రెట్లుండే పదో హార్మోనిక్ దగ్గర అది సెకనుకు రెండున్నర, ఇరవయ్యో హార్మోనిక్ దగ్గర ఐదు అవుతుంది. ఒక్కొక్క హార్మోనిక్ తనదైన వేగంతో పెరుగుతూ తరుగుతూ ఉండడం వల్లనే ఈ ధ్వని ఒక్కచోట నిలబడి ఉన్నా లోపల మసలుతున్నట్టు వినిపిస్తుంది.

పైభాగంలో ఇంత అందాన్నిచ్చే ఈ విస్పందనమే అడుగున బరువును హరిస్తుంది. నాలుగు సెకన్ల ఆవృత్తిలో రెండు మూల తరంగాలు పరస్పరం రద్దయ్యే ఘట్టానికి అటూ ఇటూ కలిపి, దాదాపు 1.3 సెకన్ల పాటు వాటి కంపన పరిమితి గరిష్ఠంలో సగం కంటే తక్కువగా ఉంటుంది. 174 వేగంలో నాలుగు బీట్‌ల బార్ ఒకదాని నిడివి కూడా ఇంచుమించు అంతే. అంటే ప్రతి మూడు బార్లలో సుమారు ఒక బార్ పునాది లేకుండా నడుస్తుందన్న మాట. తరంగ రూపాన్ని వంచి గరుకుదనం తెచ్చే డిస్టార్షన్ మోతాదు ఎంత పెంచినా ఈ వెలితి తీరదు సరికదా, పైన రొద పెరిగిన కొద్దీ అడుగున ఉన్న ఖాళీ మరింత బయటపడుతుంది.

అందుచేత బేస్‌ను రెండు భాగాలుగా విడదీశాను. అడుగున హార్మోనిక్‌లు లేని ఒకే ఒక సైన్ తరంగం, పూర్తిగా మోనోలో, ప్రతి స్వరానికీ ఒకే ఫేజ్‌తో, అంటే తరంగంలో ఒకే చోటు నుంచి, మొదలయ్యేలా పెట్టాను. దానిమీద, తరంగాన్ని సున్నా నుంచి ఒకవైపు జరిపే ఆఫ్‌సెట్ కలిపి, అతి తేలికైన శాచురేషన్, అంటే మృదువైన డిస్టార్షన్, వేశాను. ధన, రుణ భాగాలను సమానంగా వంచే వక్రరేఖ సైన్ తరంగం నుంచి బేసి హార్మోనిక్‌లను మాత్రమే పుట్టిస్తుంది. ఒకవైపు ఎక్కువగా వంచితే సరి హార్మోనిక్‌లు కూడా వస్తాయి. నాకు కావలసింది 87 హెర్ట్జ్ దగ్గరి రెండో హార్మోనిక్. చిన్న స్పీకర్లు 43 హెర్ట్జ్‌ను పలకలేకపోయినా, పైనున్న హార్మోనిక్‌ల వరుసను బట్టి చెవి ఆ మూలస్వరాన్ని ఊహించుకుంటుంది కనుక ఆ వరుస తెగిపోకుండా ఉండాలి. ఇలా ఒకవైపు వంచినప్పుడు డీసీ ఆఫ్‌సెట్, అంటే తరంగం మొత్తం సున్నా నుంచి ఒకవైపు జరిగి ఉండడం, పేరుకుంటుంది. 20 హెర్ట్జ్ దగ్గర, దిగువవాటిని ఆపి ఎగువవాటిని వదిలే హైపాస్ ఫిల్టర్ ఒకటి దానిని తొలగిస్తుంది.

ఎక్కువ శ్రమ తీసుకున్నది పై భాగమే. సాటూత్ జంటలో 110 హెర్ట్జ్‌కు దిగువ ఉన్నదంతా హైపాస్‌తో తీసివేసి ఆ తరువాత డిస్టార్షన్‌లోకి పంపితే అడుగుభాగం సైన్‌కే మిగులుతుందని అనుకుంటాం. కానీ డిస్టార్షన్ లోపలికి వెళ్లిన పౌనఃపున్యాల మొత్తాలనూ భేదాలనూ కొత్తగా పుట్టిస్తుంది. పక్కపక్కనున్న రెండు హార్మోనిక్‌ల మధ్య భేదం ఎప్పుడూ మూల పౌనఃపున్యమే కాబట్టి, తలుపు బయటికి పంపిన అతిథి కిటికీలోంచి వచ్చినట్టు 43 హెర్ట్జ్ మళ్లీ ప్రత్యక్షమై సైన్‌తో కలహిస్తుంది. అందువల్ల హైపాస్ ఫిల్టర్ డిస్టార్షన్‌కు ముందు ఒకటి, వెనుక ఒకటి ఉండాలి. ముందున్నది గరుకుదనం తీరును నిర్ణయిస్తుంది, వెనుకనున్నది సబ్‌కు, అంటే అడుగునున్న సైన్‌కు, చోటిస్తుంది.

ఎగువవాటిని ఆపే లోపాస్ ఫిల్టర్ విషయంలోనూ ఇదే వరుస పనిచేసింది. డిస్టార్షన్ తరువాత పెట్టి కటాఫ్‌ను, అంటే ఆపే హద్దును, కదిపితే వినిపించేది తెర మూసి తెరిచినట్టుండే మామూలు స్వీప్. అదే ఫిల్టర్‌ను ముందుకు జరిపి రెజొనెన్స్ (హద్దు దగ్గర శిఖరంలా ఎత్తే బలం) పెంచినప్పుడు, శిఖరం ఏ హార్మోనిక్‌ను తాకితే అది డిస్టార్షన్‌ను బలంగా నెట్టి, మిగతా వాటి స్వభావాన్నే మార్చివేసింది. ఆ గుర్రుమనే గొంతు నాకు మొదట దొరికింది ఇక్కడే. దానికి అచ్చు కట్టడానికి, ముందున్న ఆ లోపాస్ స్థానంలో రెండు బ్యాండ్‌పాస్ (ఒక పరిధిని మాత్రమే వదిలే) శిఖరాలు పెట్టి, 'ఆ' అచ్చుకు దగ్గరగా 700, 1100 హెర్ట్జ్‌ల నుంచి 'ఈ' అచ్చుకు దగ్గరగా 300, 2300 హెర్ట్జ్‌ల వరకు ఎల్‌ఎఫ్‌ఓతో (నాబ్‌ను నెమ్మదిగా తనంత తానే కదిపే తరంగంతో) కదిపాను. మనుషుల మాటలో ఈ అంకెలు గొంతును బట్టి మారుతాయి. బేస్‌కు అంత కచ్చితత్వం అక్కరలేదు.

డిస్టార్షన్ రకాలను పోల్చేటప్పుడు శబ్దం పెద్దదైతే మేలైనదనిపించే భ్రమ చెవికి సహజం. అందుకని ప్రతి రకానికీ అవుట్‌పుట్ స్థాయిని వినికిడిలో సమానం చేసి విన్నాను. అలా వింటే, తరంగపు కొనలను చదునుగా కోసే హార్డ్ క్లిప్పింగ్ ఆకర్షణ సగం తగ్గిపోయింది. మృదువుగా వంచే టాన్‌హెచ్ తరహా వక్రరేఖ, దాని తరువాత స్వల్పంగా, తరంగపు కొనలను వెనక్కి మడిచే వేవ్‌ఫోల్డర్ నిలిచాయి. వేవ్‌ఫోల్డర్ దగ్గర మాత్రం ఏలియసింగ్‌ను గమనించవలసి వచ్చింది. 44,100 హెర్ట్జ్ శాంపిల్ రేటులో, అందులో సగమైన 22,050 దాటిన హార్మోనిక్‌లు వెనక్కి మడతపడతాయి. 25,000 హెర్ట్జ్ దగ్గర పుట్టినది 19,100 దగ్గర, శ్రుతితో సంబంధం లేకుండా తేలుతుంది. లెక్కను నాలుగు రెట్ల శాంపిల్ రేటులో చేసే ఓవర్‌శాంప్లింగ్‌తో అది చెవికి ఆనకుండా పోయింది.

ఆ తరువాత ఒకే స్వరాన్ని చాలా సేపు మోగిస్తూ ఆడియోగా రికార్డు చేసుకున్నాను. విస్పందనాలు, అచ్చుల కదలిక ఎక్కడ బాగా కలిశాయో అక్కడి తునకలను కత్తిరించి బీట్ మీద పేర్చడం, నాబ్‌లు తిప్పుతూ కూర్చోవడం కంటే ఎంతో ఫలితమిచ్చింది. సబ్‌ను మాత్రం కత్తిరించకుండా మిడీ (స్వరాల సూచనలు) నుంచే నడిపాను.

చివరి సవరణ స్వరం మారినప్పుడు అవసరమైంది. ఎఫ్1కు సరిపోయిన 110 హెర్ట్జ్ హద్దు, సీ2 దగ్గర, అంటే 65.4 హెర్ట్జ్ దగ్గర, రెండో హార్మోనిక్‌ను పై భాగంలోకి వదిలివేసి అక్కడ కూడా ఫేజ్ కలహం తెచ్చింది. రెండు హైపాస్‌ల కటాఫ్‌లకూ కీ ట్రాకింగ్ పెట్టి, ఎప్పుడూ మూల పౌనఃపున్యానికి రెండున్నర రెట్ల దగ్గర ఉండేలా కట్టాను. హద్దు రెండో, మూడో హార్మోనిక్‌ల మధ్యే నిలిచేసరికి, తునకలను ఒక్కొక్క స్వరానికి మళ్లీ రికార్డు చేయవలసి వచ్చినా, బేస్ లైన్ మొత్తం ఒకే బరువుతో నడిచింది.