తీగకి చొక్కా

మా బడిలో గంటంటే చెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని కొడితే నాగావళి అవతలి గట్టుకి కూడా వినబడుతుందని అప్పట్లో మా నమ్మకం. అలాంటి గంట ఉండగా, తొమ్మిదో తరగతిలో మాకు కరెంటు గంట చెయ్యాలని బుద్ధి పుట్టింది. సైన్సు ఫేరు ఇంకా వారం ఉంది. "ముందు మేకుని అయస్కాంతం చెయ్యండిరా, గంట సంగతి తర్వాత చూద్దాం" అన్నారు మాస్టారు.

ఒక పెద్ద మేకు, రెండు టార్చిలైటు బ్యాటరీలు, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి వైపు, మోటార్లకి తీగ చుట్టే ఒక వైండింగ్ షాపులో బతిమాలి తెచ్చుకున్న రాగి తీగ. ఆ తీగ మీద కంటికి ఆనని, కరెంటుని ఆపే ఎనామిల్ పూత ఉంటుంది. "చివర్లు గీకండి, లేకపోతే కరెంటు ఎక్కదు" అని చెప్పి మాస్టారు స్టాఫ్ రూముకి వెళ్లారు. నా బెంచీవాడు (పేరు రాస్తే ఊరుకోడు) చెప్పినదానికంటే రెండాకులు ఎక్కువ చదివే రకం. చివర్లేం ఖర్మ అని బ్లేడు పట్టుకుని తీగంతా గీకేశాడు. చింతపండుతో తోమిన చెంబులా తళతళలాడింది. ముచ్చటపడి చుట్టు పక్కన చుట్టు ఒత్తుగా చుట్టి, బ్యాటరీలు తగిలించాం. గుండుసూది ఒక్కటి కూడా కదల్లేదు. బ్యాటరీలు మాత్రం వేడెక్కాయి.

మాస్టారు వచ్చి చూసి, "ఏటిరా ఇది, తీగకి చొక్కా ఇప్పీసినారా?" అన్నారు.

తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత ప్రభావం పుడుతుంది. ఆ తీగనే చుట్టలుగా చుడితే ఒక్కో చుట్టు బలం ఇంకోదానికి తోడవుతుంది. మధ్యలో మెత్తని ఇనుము ఉంటే ఆ బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అయితే కరెంటు చుట్టూ తిరిగితేనే ఇదంతా. బట్టలేని చుట్లు ఒకదానికొకటి తగిలితే, కరెంటు ఒక చుట్టులోంచి పక్క చుట్టులోకి అడ్డంగా దూకి పోతుంది. అడ్డదారి దొరికాక ఎవరు మాత్రం చుట్టూ తిరిగి వెళ్తారు?

మావాడికి పెద్ద తోడే ఉందని తర్వాత చదివాను. 1825లో విలియం స్టర్జన్ అనే ఇంగ్లండు ఆయన మొదటి విద్యుదయస్కాంతం చూపించినప్పుడు వాడింది కూడా పూతలేని తీగే. అయితే ఆయన తెలివిగా చొక్కాని ఇనుముకి తొడిగాడు. ఇనుముకి వార్నిష్ పూసి, చుట్లు తగలకుండా ఎడంగా చుట్టాడు. 200 గ్రాముల ఇనుము దాదాపు 4 కిలోలు మోసింది. ఎడంగా చుడితే పట్టే చుట్లు తక్కువ కదా. అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకే పట్టుదారం చుట్టి, పొర మీద పొర వేశాడు. 1831లో ఆయన అయస్కాంతం 900 కిలోలకు పైగా మోసింది.

మేం కొత్త తీగ తెచ్చి, చివర్లు మాత్రమే గీకాం. సూదులు గుత్తులుగా వేలాడాయి. తీగ తీస్తే రాలిపోయాయి. గంట మాత్రం ఒక్కసారి 'టంగ్' మని ఊరుకుంది. మేకు చాలడం లేదని సైకిలు ఇరుసు ముక్క పెట్టాం. అది గట్టి ఉక్కు, కరెంటు పోయినా గంట కొట్టే సుత్తిని వదల్లేదు. గంటకి లాగడం ఎంత ముఖ్యమో వదలడం అంత ముఖ్యం. బహుమతి రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నాదే ఒక వైండింగ్ షాపు. ముప్పై ఏళ్లుగా ఆ చొక్కా మీదే నా బతుకు. ఫ్యాను, మిక్సీ, బోరు మోటారు, దేంట్లోనైనా తిరిగేది విద్యుదయస్కాంతం చలవతోనే. వేడికి ఎనామిల్ మాడితే చుట్లు కలిసిపోతాయి, మోటారు నా దగ్గరికి వస్తుంది. 2018లో తిత్లీ తుపాను తర్వాత నీళ్లు తాగిన మోటార్లని బల్బులు పెట్టి ఆరబెట్టడానికే నెల పట్టింది.

ఎక్కువ కాలేవి పొలం మోటార్లు. స్టార్టరులో పచ్చ బటన్ నొక్కి వేలు తీసినా అది లోపలే ఉంటుంది, ఒక చిన్న తీగచుట్ట (కాయిల్) దాన్ని అయస్కాంతమై పట్టుకుంటుంది కాబట్టి. కరెంటు పోయినా, ఓల్టేజి బాగా పడిపోయినా వదిలేస్తుంది. మళ్లీ మనిషి వెళ్లి నొక్కాలి. రైతులేమో బటన్‌లో పుల్ల దోపి ఇంటికెళ్లి పడుకుంటారు. ఇక ఓల్టేజి ఎంత పడినా మోటారు ఆగదు, కాలిపోయేదాకా మూలుగుతూనే ఉంటుంది. పుల్ల పెట్టొద్దని ఎంత చెప్పినా, అర్ధరాత్రి కరెంటు ఇస్తే పాముల మధ్య గట్టు మీద ఎవరు కాపలా ఉంటారు? వాళ్లని తిట్టబుద్ధి కాదు.

ఆ మధ్య మా ఆవిడ మోకాలికి ఎమ్మారై తీయించాం. గదిలోకి తాళంచెవులు కూడా తేవొద్దన్నారు. స్కాను జరగకపోయినా ఆ మిషన్లోని పెద్ద విద్యుదయస్కాంతం పనిచేస్తూనే ఉంటుందట. దాని కాయిల్‌ని ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ చలిలో ఆ తీగకి నిరోధం, అంటే కరెంటుకి అడ్డు, ఉండనే ఉండదు, కరెంటుతో వేడెక్కదు. ఇలాంటి మోటార్లు పొలాల్లోకి వస్తే నా గతేమిటి అనుకున్నాను.

మొన్న సంక్రాంతికి నా బెంచీవాడు కాలిన మిక్సీ ఒకటి పట్టుకుని షాపుకి వచ్చాడు. టీ తాగుతూ, "నువ్వు వేరే పని చూసుకోరా, తీగ నేను గీకి పెడతాను" అన్నాడు. నేను బల్ల మీది బ్లేడు తీసి జేబులో వేసుకున్నాను.