డంజెనెస్‌లో పిట్టల కాళ్ళకు ఉంగరాలు

ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీ దక్షిణపు కొస సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట ఉంది డంజెనెస్. కనుచూపు మేరా గులకరాళ్ళే. మధ్యలో తారు పూసిన చెక్క ఇళ్ళు, ఒడ్డుకు లాగిన చేపల పడవలు, రెండు లైట్‌హౌసులు, వెనకాల ఉత్పత్తి ఆపేసిన అణు విద్యుత్ కేంద్రం. "సెలవు పెట్టుకుని మరీ ఈ రాళ్ళలోకి ఎవరైనా వస్తారా?" అని మా ఆవిడ ముందు రాత్రే మొదలెట్టింది. మనుషుల సంగతేమో గానీ పిట్టలు వస్తాయి. ఇంగ్లిష్ ఛానెల్ దాటబోయేవాటికి ఇక్కడితో నేల ఆఖరు, అటునుంచి వచ్చేవాటికి ఇక్కడే మొదలు. అందుకే 1952 నుంచీ ఇక్కడ పక్షి పరిశీలన కేంద్రం నడుస్తోంది. ఏ పిట్ట ఎక్కడికి పోతుందో తెలియడానికి వాటిని పట్టి, కాలికి నంబరున్న ఉంగరం వేసి వదిలేస్తారు.

అక్టోబరు నెల, గాలి లేని పొద్దు. మేం వెళ్ళేసరికే పొదల మధ్య వలలు విప్పేశారు. సన్నటి నల్ల దారం, నాలుగడుగులు వెనక్కి జరిగితే కనిపించదు. వచ్చి తగిలిన పిట్ట కింద వదులుగా వేలాడే మడతలో పడి ఉంటుంది. ఎక్కువసేపు ఉంచకూడదని మాటిమాటికీ వలల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. శిక్షణ పొంది అనుమతి ఉన్నవాళ్ళే చెయ్యి వెయ్యాలి. ముందు కాళ్ళు విడిపించి, పిట్టను గుడ్డ సంచిలో వేసి తెచ్చి గదిలో కొక్కేలకు తగిలిస్తారు. సంచులు వాటంతటవే కదులుతుంటాయి.

మొదట బయటికి తీసింది గోల్డ్‌క్రెస్ట్. నెత్తిన పసుపు చార ఉన్న ఆకుపచ్చ పిట్ట. రింగర్, అంటే ఉంగరం వేసే ఆయన, దాని మెడను చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఒడుపుగా ఉంచి, ప్లయర్స్‌తో ఉంగరం నొక్కి, నంబరు పైకి చదివాడు. పక్కనున్న అమ్మాయి రాసుకుంది. రెక్క పొడవు స్కేలు మీద చూశాడు. తర్వాత పొట్ట మీద ఉఫ్ అని ఊదాడు. ఈకలు విడిపోయి పల్చటి చర్మం కింద పచ్చటి కొవ్వు బయటపడింది. అదే దాని దారి ఖర్చు. ఎంతుందో చూసి అంకె వేస్తారు. తూకానికి పాత కెమెరా రీలు డబ్బాలో తలకిందులుగా దించితే 5 గ్రాముల చిల్లర. ఇక్కడి ఇరవై పెన్నీల బిళ్ళ 5 గ్రాములుంటుంది. ఆ మాత్రం శరీరంతో స్కాండినేవియా నుంచి ఉత్తర సముద్రం మీదుగా వచ్చేస్తాయి. పూర్వం జనం ఇది నమ్మలేక, వుడ్‌కాక్ అనే పెద్ద పిట్ట వీపెక్కి వస్తాయనుకునేవారట. నాకైతే ఆ కట్టుకథే నమ్మశక్యంగా తోచింది.

ఆ తర్వాత రాబిన్. మా పెరట్లో రోజూ కనిపించేదే కదా అని నేను పెద్దగా పట్టించుకోలేదు. రింగర్ రెక్క విప్పి కొన్ని ఈకల చివర లేత నారింజ మచ్చలు చూపించాడు. అవి ఉంటే ఈ ఏడాది పిల్ల. శరత్కాలంలో ఈ తీరానికొచ్చే రాబిన్లలో కొన్ని స్కాండినేవియావేనట. మరి పెరట్లోది ఎక్కడిదో!

ఈ పద్ధతికి ఆద్యుడు డెన్మార్క్‌లో మోర్టెన్‌సెన్ అనే ఉపాధ్యాయుడు. 1899లో గోరింకల జాతి స్టార్లింగులకు నంబరు, చిరునామా ఉన్న అల్యూమినియం ఉంగరాలు వేశాడు. బ్రిటన్‌లో 1909లో మొదలైంది. 1911లో స్టాఫర్డ్‌షైర్‌లో ఉంగరం వేసిన ఒక స్వాలో పిట్ట మరుసటి ఏడాది డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో దొరికింది. మన దేశంలో ఈ పని చేసేది బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ.

ఇంతా చేసి, ఇలాంటి చిన్న పిట్టల్లో దూరాన దొరికి కబురొచ్చేవి వందకు ఒకటి కూడా ఉండవు. వృథా శ్రమ కాదా అని మా ఆవిడ మొహమాటం లేకుండా అడిగేసింది. రింగర్ నవ్వి, అప్పుడే సంచిలోంచి తీసిన బ్లాక్‌క్యాప్ అనే పిట్టను చూపించాడు. ఇంగ్లండ్‌లో గుడ్లు పెట్టే బ్లాక్‌క్యాప్‌లు చలికాలానికి దక్షిణానికి పోతాయి. అయినా చలికాలంలో ఇక్కడి తోటల్లో బ్లాక్‌క్యాప్‌లు కనిపిస్తాయి. వెళ్ళకుండా ఉండిపోయినవి అనుకునేవారు. ఉంగరాలు చూశాక గానీ అవి జర్మనీ, ఆస్ట్రియా వైపు నుంచి వచ్చేవని తేలలేదు. దక్షిణానికి పోవాల్సినవి పడమటికి దారి మళ్ళాయి. కాలికి నంబరు లేకపోతే ఏది ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? ఈ జవాబుతో ఆవిడ మెత్తబడింది. ఆ బ్లాక్‌క్యాప్‌ను ఆవిడ అరచేతిలోనే పెట్టారు. ఒక్క క్షణం ఆగి, వేలిని గట్టిగా పొడిచి, పొదలోకి పారిపోయింది.

పదకొండింటికి గాలి లేచింది. వలలు ఊగితే పిట్టలకు దెబ్బ తగులుతుందని వెంటనే చుట్టేశారు. మేం చేపలు, బంగాళాదుంప వేపుడు తిని, 1928లో ఇక్కడిదాకా వేసిన బొమ్మ రైలంత చిన్న రైలెక్కి న్యూ రామ్నీ అనే ఊరికి వెళ్ళాం. దారంతా ఆవిడ వేలు చూసుకుంటూ, మళ్ళీ వసంతంలో వస్తే ఏ పిట్టలుంటాయని నన్నే అడుగుతోంది.