క్లాపింగ్ మ్యూజిక్‌కి కొరియోగ్రఫీ: నా అనుభవం

మినిమలిస్ట్ సంగీతానికి, అంటే ఒక చిన్న ముక్కనే కొద్దికొద్దిగా మారుస్తూ మళ్లీ మళ్లీ తిప్పే సంగీతానికి, డాన్స్ చేశానని చెప్పగానే చాలామంది ఒకటే అడుగుతారు: ఒకే ముక్క అన్నిసార్లు తిరుగుతుంటే విసుగనిపించదా అని. చూసేవాళ్ల సంగతి తర్వాత చెబుతాను. ఆడేవాళ్లకు మాత్రం విసుగు పుట్టేంత తీరిక ఉండదు. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 1972లో రాసిన ‘క్లాపింగ్ మ్యూజిక్’ తీసుకుని నేనూ నా జోడీ కలిసి ఒక యుగళ నృత్యం తయారుచేశాం. అంతా కలిపి ఐదు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. ఒళ్లూ బుర్రా రెండూ ఒకేసారి ఇంతగా పెట్టాల్సి వచ్చిన పని నేను మరొకటి చేయలేదు.

ముందు ఆ సంగీతం ఏమిటో చెప్పాలి. వాద్యాలు లేవు, రాగం లేదు. ఇద్దరు మనుషుల చప్పట్లు, అంతే. పన్నెండు అక్షరాల ఆవర్తనం. అక్షరం అంటే ఇక్కడ తాళంలో ఒక లెక్క, అలాంటివి పన్నెండు కలిపి ఒక ఆవర్తనం. మూడు చప్పట్లు, ఖాళీ, రెండు, ఖాళీ, ఒకటి, ఖాళీ, మళ్లీ రెండు, ఖాళీ. ఎనిమిది దెబ్బలు, నాలుగు ఖాళీలు. ఇద్దరూ కలిసి మొదలుపెడతారు. ఒకరు చివరిదాకా అదే కొడతారు. రెండోవారు పన్నెండు ఆవర్తనాలు పూర్తయ్యాక ఒక అక్షరం ముందుకు జరుగుతారు, అంటే మొదట ఉన్న దెబ్బ వెళ్లి చివర చేరుతుంది. మరో పన్నెండు ఆవర్తనాలకు ఇంకో అక్షరం. అలా పన్నెండు సార్లు జరిగేసరికి ఇద్దరూ మళ్లీ ఒకటవుతారు. మొత్తం 13 భాగాలు, 156 ఆవర్తనాలు. ఒక్కో మార్పును మేం ‘జరుపు’ అనుకునేవాళ్లం, ఇక్కడా అదే మాట వాడతాను.

రైష్ 1967లో రాసిన ‘పియానో ఫేజ్’లో ఒకరు వేగం కొద్దికొద్దిగా పెంచుతూ రెండోవారి నుంచి జారిపోతారు. ఒట్టి చేతులతో అలా జారడం కుదిరే పని కాదని ఇక్కడ ఒక్కసారిగా ఒక అక్షరం గెంతే పద్ధతి పెట్టారు. మేం ఈ సంగీతాన్ని ఎంచుకోవడానికి అదే కారణం. గెంతు కచ్చితంగా ఉంటుంది కాబట్టి ఒంట్లోకి ఎక్కించుకోవచ్చు అనిపించింది.

ఈ సంగీతానికి కొరియోగ్రఫీ అనగానే ముందు గుర్తొచ్చే పేరు బెల్జియంకు చెందిన ఆన్ తెరేసా డి కీర్స్‌మేకర్‌ది. 1982లో బ్రస్సెల్స్‌లో ప్రదర్శించిన ఆమె ‘ఫాసే’లో నాలుగు భాగాలూ రైష్ సంగీతానికే, చివరిది ఇదే చప్పట్ల ముక్క. అందులో మొదటిదైన పియానో ఫేజ్ భాగం వీడియోలో ఎన్నిసార్లు చూశానో. ఇద్దరు స్త్రీలు పక్కపక్కన చేతులు ఊపుతూ తిరుగుతుంటారు. వెనక గోడ మీద వాళ్ల నీడలు పడతాయి. మధ్యలో రెండు నీడలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే మనిషిలా కనిపిస్తాయి. ఒకామె కొంచెం జారగానే ఆ మధ్య నీడ చీలుతుంది. చెవికి వినిపించే మార్పు కంటికి అంత సూటిగా కనిపించడం నేను అంతకుముందు చూడలేదు. అమెరికన్ కొరియోగ్రాఫర్ లూసిండా చైల్డ్స్ 1979లో ఫిలిప్ గ్లాస్ సంగీతానికి చేసిన ‘డాన్స్’ కూడా చూశాను. అక్కడ చిత్రకారుడు సోల్ లెవిట్ తీసిన ఫిల్మ్ ముందున్న పలచటి తెర మీద ఆడుతుంటే, అదే నృత్యాన్ని డాన్సర్లు వెనక చేస్తుంటారు. అడుగులు చూస్తే చిన్న గెంతులు, మలుపులు, వేదికను ఈ కొస నుంచి ఆ కొసకు దాటడాలు. ఈ రెండూ చూశాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ సంగీతానికి కదలికలు తక్కువగా పెట్టేది పొదుపు కోసం కాదు. కదలికలు తక్కువైతేనే జరుపు కంటికి ఆనుతుంది.

ఆ తర్వాత వీడియోలు చూడటం పూర్తిగా మానేశాం. వాళ్ల కదలికలు మా ఒంట్లోకి రాకూడదు.

మా వరుస ఇలా తేలింది. మూడు దెబ్బలకు కుడిచేయి ముందుకు, పక్కకు, పైకి. రెండు దెబ్బలకు నడుం వంచి లేవడం. ఒక్క దెబ్బకు పావు మలుపు. చివరి రెండు దెబ్బలకు చేయి రెండు అంచెల్లో కిందికి. ఖాళీ వచ్చినచోట కదలిక ఆగాలి, అంతే తప్ప బిగుసుకోకూడదు. మలుపు పెట్టడం వెనక ఒక లెక్క ఉంది. ఒక ఆవర్తనానికి పావు మలుపు అంటే నాలుగు ఆవర్తనాలకు ఒక చుట్టు, ఒక్కో భాగంలోని పన్నెండుకు సరిగ్గా మూడు చుట్లు. మధ్యలో మేమిద్దరం ఎంత విడిపోయినా ప్రతి భాగం చివర ఇద్దరి ముఖాలూ ప్రేక్షకుల వైపే ఉంటాయి. ఆ లెక్క కుదిరిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నేను శాస్త్రీయ నృత్యం నేర్చుకున్నదాన్ని కాబట్టి ఈ పన్నెండు అక్షరాలు నోటికి ఎక్కడానికి జతులే, అంటే నాట్యంలో నోటితో పలికే తాళపు పలుకులే, పట్టుకున్నాను. తకధిమి, తకిట, తక, తకిట. నాలుగు, మూడు, రెండు, మూడు. ప్రతి ముక్కలో చివరి అక్షరం మింగేస్తే సరిగ్గా ఈ వరుసే వస్తుంది. వరుస నేర్చుకునేంతవరకు ఇది బాగా పనిచేసింది. జరుపులు మొదలయ్యాక పక్కన పెట్టేయాల్సి వచ్చింది. జతి పలికితే ‘తకధిమి’లోని ‘త’ మీద ఒళ్లు దానంతటదే బరువు వేస్తుంది. స్కోరు, అంటే రైష్ రాసిన స్వరలిపి ప్రతి, కోరేది అందుకు విరుద్ధం. జరిగేవారు కూడా ఒకటో అక్షరాన్ని స్థిరంగా ఉన్నవారితో కలిపే ఉంచుకోవాలి, మూడు చప్పట్ల గుంపు ఎక్కడ మొదలైతే అక్కడ కొత్త ‘ఒకటి’ పెట్టుకోకూడదు అని రైష్ అందులో రాశారు. అంటే ఇద్దరికీ నేల ఒకటే, ఆ నేల మీద నా వరుస మాత్రం తిరుగుతుంది. ఇది చదవడానికి చిన్న షరతు. మొత్తం కష్టమంతా అందులోనే ఉంది.

దీనికి నేను కనిపెట్టుకున్న ఉపాయం కుడి మడమ. చేతులు వరుసలో ఎక్కడున్నా, నేను ఏ దిక్కుకు తిరిగున్నా, ఒకటో అక్షరం రాగానే కుడి మడమ నేలకు ఆనించి బరువు దాని మీదకి వదిలేదాన్ని. చప్పుడు ఉండదు, చూసేవాళ్లకు తెలియదు. నాకు మాత్రం ఇల్లెక్కడుందో తెలుస్తుంది. ఏడో జరుపు దగ్గర దీనికీ చిక్కొచ్చింది. వరుసలో ఎనిమిదో అక్షరం మీదున్న మలుపు ఏడు స్థానాలు జరిగి సరిగ్గా ఒకటో అక్షరం మీదకి వస్తుంది. బరువు దించాల్సిన మడమ మీదే తిరగాలి. ఆ ఒక్క భాగం కోసం మడమ ఆధారంగా తిరగడం విడిగా సాధన చేశాను.

ఈలోగా కాగితం మీద మరో పని చేశాం. ఒక్కో జరుపులో ఇద్దరి దెబ్బలు ఎన్ని కలుస్తాయో గీసి చూశాం. ఎవరైనా ఈ సంగీతానికి ఆడాలనుకుంటే ముందు ఈ పని చేయమంటాను. మొదటి జరుపులోనే ఒకరి ఖాళీలన్నీ రెండోవారి దెబ్బలతో నిండిపోతాయి, పన్నెండు అక్షరాల్లో ఒక్క నిశ్శబ్దమూ మిగలదు. దానికి ‘నిండుది’ అని పేరు పెట్టుకున్నాం. ఆరో జరుపు ఇంకా అందమైనది. అక్కడా ఖాళీ ఉండదు, పైగా ఇద్దరి దెబ్బలూ కలిసేది రెండు, ఐదు, ఎనిమిది, పదకొండు అక్షరాల దగ్గర. అంటే సరిగ్గా మూడేసి అక్షరాల ఎడంలో. అప్పటిదాకా చిందరవందరగా ఉన్న చప్పట్లలోంచి ఉన్నట్టుండి నిదానమైన నడక ఒకటి పైకి తేలుతుంది. దాన్ని ఎవరూ విడిగా కొట్టడం లేదు, ఇద్దరి మధ్యా పుడుతోంది. అక్కడ కదలికలేవీ మార్చలేదు, కలిసిన ఆ నాలుగు చోట్ల చూపు మాత్రం ఇద్దరం ఒకే వైపు తిప్పాం.

భయపెట్టేవి మూడు, ఐదు, ఏడు, తొమ్మిది జరుపులు. వాటిలో ఎనిమిదింట ఆరు దెబ్బలు కలుస్తాయి. బాగా విడిపోయి ఉన్నప్పుడు ఎవరి దారి వాళ్లకు తెలుస్తుంది. ఇంచుమించు కలిసి ఉన్నప్పుడు ఒళ్లు పూర్తిగా కలిసిపోదామని లాగుతుంది. సాధనలో ఆగిపోయిన సందర్భాలు ఎక్కువగా అక్కడే.

స్థిరంగా ఉండే భాగం నా జోడీది. వినడానికి తేలిక పాత్రలా ఉంటుంది, ఉన్నదే చేస్తూ పోవడమే కదా అని. ఒకరోజు మధ్యలో ఆపేసి, “అక్కా, నువ్వు జరిగిన ప్రతిసారీ నేనే జరిగినట్టు అనిపిస్తోంది. నా వరుస నాకే కొత్తగా వినిపిస్తోంది” అంది. నిజమే. నాకు ప్రతి భాగంలో కొత్త పని దొరుకుతుంది, తనకు దొరకదు. చుట్టూ అంతా మారుతుంటే మారకుండా ఉండటం తన పని. “నన్ను చూడకు, నేల చూడు” అన్నాను. “నేల చూస్తే మెడ పడిపోతుంది అక్కా, ఎదురుగోడ మీద ఒక చుక్క పెట్టుకుంటాను” అంది. అలాగే చేసింది, పనిచేసింది. నాలుగు దిక్కులకూ తిరుగుతుంది కాబట్టి నాలుగు గోడలకూ నాలుగు చుక్కలు.

పాదాల చప్పుడు గురించి ఒక మాట. ఈ సంగీతంలో నిశ్శబ్దం కూడా స్కోరులో రాసిందే. ఖాళీలో కాలు నేలకు తగిలి చప్పుడైతే లేని దెబ్బ ఒకటి పుట్టినట్టే. అందుకే గజ్జెలు లేవు, బూట్లు లేవు, వట్టి కాళ్లతో ముందు వేళ్లు ఆనించి తర్వాతే మడమ దించేవాళ్లం. దీనివల్ల పిక్కల మీద పడే భారం మామూలుది కాదు. చిన్న కదలికలే అయినా 156 సార్లు అవే కండరాల మీద పడతాయి. పూర్తి నిడివి సాధన రోజూ పెట్టుకోకుండా ఒకటి రెండు భాగాలు తీసుకుని వాటినే తిప్పి తిప్పి చేశాం, ముగిశాక పిక్కలు సాగదీయడం తప్పనిసరి.

రికార్డింగ్ వద్దనుకుని ఇద్దరు వాద్యకారుల చేత వేదిక మీదే చప్పట్లు కొట్టించాం. వాళ్ల అరచేతుల ఊపిరి వినిపిస్తే మా ఒళ్లు వేరేగా స్పందిస్తుంది. ఒకటే నియమం: వాళ్లు మమ్మల్ని చూడకూడదు, ఒకరినొకరు చూసుకోవాలి. మమ్మల్ని చూస్తే మా తడబాటు వాళ్ల చేతుల్లోకి పాకుతుంది. అనుమతుల విషయం కూడా ముందే చూసుకోండి. ఒక సంగీతాన్ని కచేరీలో వాయించడానికి ఇచ్చే అనుమతి వేరు, దానికి నృత్యం కూర్చి ప్రదర్శించడానికి ప్రచురణకర్తల దగ్గర తీసుకోవాల్సింది వేరు. ఉత్తరప్రత్యుత్తరాలకు సమయం పడుతుంది, కొరియోగ్రఫీ పూర్తయ్యేదాకా ఆగకుండా మొదట్లోనే రాయడం మేలు.

లైట్లు తెల్లగా, సమంగా, మొదటి నుంచి చివరిదాకా మార్పు లేకుండా పెట్టించాం. రంగులు మారిస్తే జరుపును కాకుండా లైటును చూస్తారు. ప్రదర్శన రోజు మొదటి రెండు మూడు భాగాల్లో హాల్లో కదలికలు, దగ్గులు వినిపించాయి. ఆరో జరుపు వచ్చేసరికి అవి లేవు. ముగిశాక ఒక పెద్దాయన వచ్చి, “ఎవరు జరుగుతున్నారో ఎంత చూసినా పట్టుకోలేకపోయానమ్మా. ఒకసారి నువ్వనుకున్నాను, ఇంకోసారి ఆ అమ్మాయనుకున్నాను” అన్నారు. అంతకన్నా మంచి మెచ్చుకోలు నాకు అక్కర్లేదు. మొదట్లో సాగదీసినట్టుందని అన్నవాళ్లూ ఉన్నారు. భాగానికి పన్నెండుసార్లు కాకుండా తగ్గించి ఉండాల్సిందన్నారు. నేను ఒప్పుకోను. మొదటి నాలుగైదు ఆవర్తనాలు కంటికి వరుస తెలియడానికే సరిపోతాయి, ఆ తర్వాతే ఇద్దరి మధ్యా ఏం జరుగుతోందో చూడటం మొదలవుతుంది. తగ్గిస్తే ఆ రెండోది పోతుంది.

ఇప్పుడు పియానో ఫేజ్ మొదటి భాగం పట్టుకున్నాం. అక్కడా పన్నెండు స్వరాల వరుసే, కానీ జరుపు గెంతు కాదు, జారుడు. రెండు స్థానాల మధ్య జారుతున్నంతసేపూ ఇద్దరి అక్షరాలూ కలవవు, పట్టుకోవడానికి ఉమ్మడి ‘ఒకటి’ ఉండదు, నా మడమ ఉపాయం చెల్లదు. అందుకని లెక్కతో కాకుండా చేయి ఊపులో ఉండే బరువుతో మొదలుపెట్టాం. పాత్రలు కూడా మార్చుకున్నాం. ఈసారి తను జారుతుంది, నేను స్థిరంగా ఉంటాను. సాధన గదిలో నాలుగు గోడల మీదా నా చుక్కలు వెతుక్కుంటున్నాను.