దురద పుట్టిందా, అవ్వా?

సంచికకి మా చీఫ్ గురించి రాయమన్నప్పుడు ముందు ఆయనకే ఫోన్ చేశాను. "రాసుకో, నా పేరు మాత్రం వెయ్యకు. వాపుల గురించి రాయి" అన్నారు. అందుకే పేరు లేదు. మా 1994 బ్యాచ్ వాళ్ళకి ఆ అవసరమూ లేదు.

ఆయనకి సోమవారం అలర్జీ క్లినిక్, బుధవారం వంశపారంపర్య జబ్బులు, శుక్రవారం ముసలివాళ్ళ ఓపీ. "ఈయన ఏ స్టేషన్లోనూ దిగడు" అని సీనియర్లు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. హౌస్ సర్జన్‌గా ఆయన యూనిట్లో పడ్డాక చూస్తే మూడు క్లినిక్‌లకీ ఒకటే నోటుబుక్కు. ఎవరికి పెదవి వాచినా, కన్ను వాచినా అందులోకి ఎక్కాల్సిందే.

ఒక సోమవారం సూళ్లూరుపేట లోకల్ దిగి ఒక అవ్వ వచ్చింది. కింది పెదవి ఉబ్బి పక్కకి వేలాడుతోంది. రెండేళ్ళుగా ఇదే వరస. రొయ్యలు పడట్లేదని ఊళ్ళో ఎవరో డాక్టరు చెప్తే మానేసిందట. పులికాట్ పక్కన పుట్టి రొయ్యలు మానడమంటే మాటలా! మానినా వాపు మానలేదు.

చీఫ్ ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి వరసగా చుక్కలు వేశారు: ఒకటి ఉత్త సెలైన్, ఒకటి హిస్టమిన్ (అలర్జీలో ఒంట్లో దురదా దద్దురూ పుట్టించేది), మిగతావి రొయ్య, బొద్దింక, ఇంటి దుమ్ములో పురుగు. ఒక్కో చుక్కలోంచి సూదిమొనతో చర్మాన్ని అలా తాకించి వదిలారు. పావుగంట ఆగాలి. హిస్టమిన్ దగ్గర దోమ కుట్టినట్టు దద్దు లేచింది. రొయ్య దగ్గర ఏమీ లేదు. సెలైన్ కంటే కనీసం మూడు మిల్లీమీటర్లు ఎక్కువ లేస్తేనే లెక్క.

అప్పుడడిగారు, "పెదవి వాచినప్పుడు దురద పుట్టిందా, అవ్వా?"

"దురదా లేదు, పాడూ లేదు నాయనా. బిగదీసినట్టుంటాది, అంతే."

"సంచీ బోర్లించమను" అన్నారు నాతో. ముసలివాళ్ళు వేసుకునే మందులన్నీ సంచీతో సహా తెచ్చుకోవాలని ఆయన రూలు. బల్ల మీద పడ్డవాటిలో బీపీకి వాడే ఎనలాప్రిల్ ఉంది. మూడేళ్ళుగా రోజూ వేసుకుంటోంది. హిస్టమిన్‌తో వచ్చే వాపుకి దురదో దద్దురో తోడొస్తుంది. ఈ మాత్ర వల్ల ఒంట్లో బ్రాడీకైనిన్ అనే వాపు పుట్టించే పదార్థం పేరుకుంటుంది, ఆ వాపు ఒంటరిగా వస్తుంది. మొదలుపెట్టిన వారంలోనే రానక్కర్లేదు, ఏళ్ళు గడిచాకా రావచ్చు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. బీపీ మాత్ర మార్చారు. నెలలోపు ఇంకోసారి వాచి ఆగిపోయింది.

బుధవారం వచ్చిన కుర్రాడి కథ వేరు. ఒకరోజు చెయ్యి, ఒకరోజు మొహం, ఒక్కోసారి కడుపులో మెలిపెట్టే నొప్పి. రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. ఎక్కడో అపెండిక్స్ కూడా తీసేశారు, అది శుభ్రంగా ఉందట. స్టెరాయిడ్ ఇంజెక్షన్లకి లొంగదు. వాళ్ళ నాన్న గొంతు పట్టేసి పోయాడు. ఇంట్లో గాలి సోకిందన్నారు. చీఫ్ కేస్ షీటు వెనక వంశవృక్షానికి చదరాలు, సున్నాలు గీసుకుంటూ నాయనమ్మ దాకా వెళ్ళారు. నేను తెలివిగా "మేనరికమా సార్?" అన్నాను. పెన్సిల్ ఆపి చూశారు. "దీనికి మేనరికం అక్కర్లేదయ్యా. ఒక్కరి దగ్గర్నుంచి వస్తే చాలు, పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం." రక్తంలో సీ4 అనే ప్రోటీన్ తక్కువగా వచ్చింది. సీ1 ఇన్‌హిబిటర్ అనే, ఇలాంటి వాపుని అదుపులో ఉంచే ప్రోటీన్ లోపం. ఈ జబ్బు కుటుంబాల్లో దిగుతుందని ఆస్లర్ అనే డాక్టరు 1888లోనే రాశాడు, ఏది లోపించిందో తేలింది మాత్రం 1963లో. అసలు మందు మనకి అందేది కాదు కాబట్టి డానజాల్ మాత్రలు, గొంతు దాకా వస్తే ప్లాస్మా. ఇక్కడా బ్రాడీకైనినే, ఇక్కడా దురద లేదు.

ముసలివాళ్ళకి విడిగా ఓపీ మన దేశంలో మొదట మద్రాసు జనరల్ హాస్పిటల్లోనే వచ్చింది, 1978లో, డాక్టర్ వి.ఎస్. నటరాజన్ గారి చేతుల మీదుగా. చీఫ్ ఆ మాట చాలాసార్లు చెప్పేవారు. నాకు మాత్రం ఆ పాఠం ఒక రాత్రి డ్యూటీలో ఎక్కింది. దురదగా ఉందన్న ఒక తాతకి క్లోర్‌ఫెనిరమిన్ అనే అలర్జీ మాత్ర రాసిచ్చి పడుకున్నాను. తెల్లవారేసరికి ఆయనకి మూత్రం బిగిసింది, కొడుకుని గుర్తుపట్టడం లేదు. ముసలి ఒంటికి ఆ మాత్ర చేసిన పని అది. చీఫ్ తిట్టలేదు. కాథెటర్ నా చేతే వేయించి, నోటుబుక్కు ఇచ్చి, "నువ్వే రాయి" అన్నారు. నా దస్తూరీతో ఉన్న పేజీ అదొక్కటే.

ఆ నోటుబుక్కు ఎప్పుడూ అచ్చుకి పోలేదు. ఒకటి రెండు సదస్సుల్లో చదివారంతే. పోల్చి చూడ్డానికి రెండో గుంపు లేదు, లెక్కలు సరిపోవు అనేవారు. నిజమే. కానీ విడి కేసులుగానైనా వేసి ఉండాల్సింది. ఇది ఆయన మొండితనమని నాకు ఇప్పటికీ కోపం.

అవ్వ మూడు నెలలకి మళ్ళీ వచ్చింది, పెదవి మామూలుగా, చేతిలో క్యారియర్‌తో. రొయ్యల వేపుడు. చీఫ్ శాకాహారి. మూత తియ్యగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. మేం డ్యూటీ రూములో తింటుంటే అవ్వ ఆయన్ని వదల్లేదు.

"అదంతా సరే నాయనా, రెండేళ్ళు తినకుండా పోయిన రొయ్యలు ఎవరిస్తారు నాకు?"

చీఫ్ బీపీ పట్టీ చుడుతూ ఉండిపోయారు.